రాహా పేట ఖాళీ చెయ్యాలట

శుక్రవారం నమాజు అయి జనం మసీదులోంచి బయటికొచ్చేసరికి, పేట మొదట్లో రెండు కరెంటు స్తంభాల మధ్య పసుప్పచ్చ బ్యానరు వేలాడుతోంది. "ఇక చాలు. రాహాను వదిలి బయటికి రండి. మీ జీవితం మారిపోతుంది. రేపు సాయంత్రం నాలుగింటికి, మహిళా సంఘం హాలులో" అని ఎర్రటి అక్షరాలు. కింద కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

ఆ పేట పేరే రాహా. రాహా అంటే అరబ్బీలో హాయి, సుఖం. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, జర్కా ఊరి చివర గుట్టకి అతుక్కున్న ఆ ఇళ్ళలో హాయి అన్నది ఎవరింట్లోనూ ఎవరూ చూడలేదు. కింద రోడ్డు నుంచి పైకి నూట పద్నాలుగు మెట్లు. కుళాయిలో నీళ్ళు వారానికి ఒక్కసారి, గురువారం. ఆ రోజు డాబా మీద ట్యాంకు నిండలేదో, మళ్ళీ గురువారం దాకా మొహం కడిగిన నీళ్ళే మొక్కలకీ, మొక్కలకి పోయగా మిగిలినవే గుమ్మానికీ. ఎప్పుడూ ఆ పేరు చూసి నవ్వుకునే జనం ఆ శుక్రవారం మాత్రం నవ్వలేదు. పేట ఖాళీ చేయిస్తున్నారన్న మాట అన్నం పొయ్యి మీద ఉండగానే అన్ని ఇళ్ళకీ చేరిపోయింది.

హాజీ ఉకాబ్ అనే ముసలాయన మంచం కింది బిస్కెట్ల డబ్బాలోంచి ఇంటి దస్తావేజులు తీసి ఎండలో ఆరబెట్టాడు. పక్కింటి ఉమ్ షాహెర్ ఆ బ్యానరు మీద నవ్వుతున్న మనిషిని చూసొచ్చి, ఇల్లు కూలగొట్టే వాళ్ళు ముందు ఇలాగే పళ్ళికిలిస్తారని తేల్చేసింది.

రుదైనా ఈ సంగతి విన్నప్పుడు డాబా మీద బట్టలు ఆరేస్తోంది. భయపడటంలో ఆ ఇంటికి ఆవిడే పెద్ద దిక్కు. గ్యాసు కట్టేశాక మూడుసార్లు చూసుకుంటుంది. నాలుగేళ్ళ కూతురు తాలా నిద్రపోతే, ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, ఆ వేలు తగిలి పిల్ల లేచి ఏడిస్తే అప్పుడు గానీ నిశ్చింతగా ఉండదు. అలాంటి మనిషి పేట పోతుందంటే గుండె పట్టుకుని కూలబడాలి. కానీ ఆవిడకి మొదట వచ్చిన ఆలోచన వేరు. పేటే పోతే, అత్తగారికి ఆ మాట చెప్పే పని తప్పిపోతుంది కదా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసి, ఆరేసిన చొక్కానే తీసి మళ్ళీ ఆరేసింది.

ఆ మాట సంగతి ఇది. మెట్ల కింద రోడ్డు వారనే నుహాద్ టీచరు నడిపే పిల్లల బడి ఉంది. తాలాని చేర్పించడానికి ఎనిమిది రోజుల క్రితం వెళ్ళిన రుదైనా, గేటు దగ్గర నిలబడి, బస్సు దిగే పిల్లల్ని అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఎక్కిన పిల్లల పేర్లు డ్రైవరు చేతిలో కాగితం మీద ఉన్నాయి, అవీ కళ్ళతోనే లెక్కపెట్టింది. దిగింది ఒకరు తక్కువ. డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు. రుదైనా ఎవర్నీ అడక్కుండా బస్సెక్కి చూస్తే, చివరి సీటు కింద ఒక పిల్ల సంచి తలకింద పెట్టుకుని గుర్రు పెడుతోంది.

నుహాద్ టీచరు ఆవిణ్ణి గదిలోకి పిలిచి, బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని చేస్తావా అని అడిగింది. రుదైనా తనకి చదువు లేదంది, పదకొండో తరగతి మధ్యలో ఆగిపోయిందంది. పైగా తనకి అన్నిటికీ భయమంది.

"ఇంతకుముందున్న అమ్మాయికి భయం లేదు," అంది టీచరు. "అందుకే పంపించేశాను. నాకు ధైర్యవంతులు వద్దమ్మాయ్. నీలాంటిదే కావాలి."

తన భయానికి కూడా ఒక ఉద్యోగం ఉంటుందని రుదైనా కలలో కూడా అనుకోలేదు. పిల్ల కూడా అదే బస్సులో, కళ్ళ ముందే. రెండు వారాల్లో, గురువారం మధ్యాహ్నం లోపు చెప్పాలి, ఆదివారం నుంచి పని. ఆ తర్వాత ఇంకొకరిని తీసుకుంటానని టీచరు మెత్తగానే చెప్పింది. రుదైనా నూట పద్నాలుగు మెట్లూ ఎగిరెక్కింది. పైకి వచ్చి అత్తగారి మొహం చూడగానే నోరు పెగల్లేదు. రేపు చెబుదాంలే అనుకుంది. అలా ఎనిమిది రేపులు గడిచాయి.

అత్తగారు ఉమ్ నాయిఫ్, అంటే నాయిఫ్ వాళ్ళమ్మ, కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. అదే వచ్చిన చిక్కు. కోడలు ఏదైనా అడగబోతున్నట్టు కనబడితే చాలు, "మా తల్లి కదూ, నువ్వు లేకపోతే నా గతేం కాను" అని ముందే దీవించేస్తుంది. ఆ దీవెన మీద పడ్డాక అడిగే నోరెవరికుంటుంది?

శనివారం నాలుగింటికి హాలు కిటకిటలాడిపోయింది. శిక్షకుడు ఉస్తాద్ సుహైబ్, బ్యానరు మీద నవ్విన ఆయనే, అమ్మాన్ నుంచి వచ్చాడు. పన్నెండు మందో పదిహేను మందో వస్తారనుకున్నాడు, ఎనభై మంది వచ్చారు. ముందు వరసలో హాజీ ఉకాబ్ దస్తావేజుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఇంత తపన ఉన్న ప్రజల్ని తాను దేశంలో ఎక్కడా చూడలేదని ఉస్తాద్ కళ్ళు తుడుచుకున్నాడు.

"రాహాలో ఉన్నంతకాలం మీరు ఎదగరు," అన్నాడు. "రాహాని వదలడానికి ఎవరు సిద్ధం?"

"మా నాన్న కట్టిన ఇల్లు," అన్నాడు హాజీ ఉకాబ్ లేచి. "నా శవం వదులుతుంది."

ఉస్తాద్ చప్పట్లు కొట్టాడు. ఇదిగో, మనసు ఎలా ఎదురు తిరుగుతుందో చూడండని మిగతా వాళ్ళకి ముసలాయన్ని చూపించాడు. ముసలాయన డబ్బా మూత తీసి, కాగితం విప్పి, ఇందులో నలభై ఏళ్ళ కిందటి ముద్ర ఉంది చూడమన్నాడు. అరగంట సేపు ఆయన మనసు గురించి, వీళ్ళు ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఒకరి మాట ఒకరికి సరిగ్గా అతికినట్టే ఉంది. చివరికి సంఘం కార్యదర్శి లేచి, అయ్యా ఆయన చెప్పేది మన పేట గురించి కాదు, మనిషి అలవాటు పడ్డ సుఖం గురించి, సుఖాన్ని వదిలి కష్టమైన పని చేస్తే ఎదుగుతారట అని వివరించింది.

ఉమ్ షాహెర్ నెమ్మదిగా అడిగింది, అయితే ఇళ్ళు కూలగొట్టరా అని. కూలగొట్టరు. టీ ఇస్తారా? ఇస్తారు, బిస్కెట్లు కూడా. అయితే ఉందాం అనుకున్నారు.

ఆరు రోజుల శిక్షణ. రోజూ ఇంటి దగ్గర తమకి ఇష్టం లేని కష్టమైన పని ఒకటి చేసి, సాయంత్రం వచ్చి చెప్పాలి. గురువారం సాయంత్రం సర్టిఫికెట్లు. రాహాపేట వాళ్ళకి కష్టం కొత్తగా నేర్పాల్సిన పని లేదు గానీ, సర్టిఫికెట్ ఇచ్చే కష్టం మాత్రం వాళ్ళెప్పుడూ పడలేదు. అందుకని ఎగబడ్డారు.

ఉమ్ షాహెర్ తలగడ లేకుండా పడుకుంది. పొద్దున మెడ పట్టేసి, ఎడమ వైపు ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చింది. ఎదుగుతున్నానని ఆవిడ గట్టి నమ్మకం. హాజీ ఉకాబ్ మెట్లు వెనక్కి నడుస్తూ ఎక్కి, ఎదురొచ్చిన వాళ్ళందరితో పోట్లాడాడు. ఉమ్ నాయిఫ్ టీలోనూ కాఫీలోనూ పంచదార మానేసింది. మూడు చెంచాలు వేసుకునే మనిషి, ఒక్క గుక్కకి కళ్ళు మూసుకుని "నా సుఖాన్ని వదిలేశాను" అనేది. ఆ చేదు పోవడానికి పక్కన పాకం కారే కునాఫా మిఠాయి ముక్క పెట్టుకునేది. ఉస్తాద్ మాత్రం హాల్లో కుర్చీలు గట్టిగా ఉన్నాయని రెండో రోజు నుంచి మెత్త తెచ్చుకున్నాడు.

అందరికంటే ఎక్కువ కష్టపడింది రుదైనా. ఆదివారం చన్నీళ్ళతో స్నానం చేసింది. సోమవారం వట్టి నేల మీద పడుకుంది. మంగళవారం పచ్చి మిరపకాయలు ఐదు నమిలి, పెదవులు వాచిపోయి, తాలా భయపడి ఏడిస్తే దాన్ని ముద్దు పెట్టుకోవడానికి కూడా లేకపోయింది. ఉస్తాద్ ప్రతి సాయంత్రం ఆవిణ్ణి నిలబెట్టి, చూడండి ఈ చెల్లిని అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఉమ్ నాయిఫ్ అందరికంటే గట్టిగా కొట్టేది.

మంట నోటితో ఇంటికొస్తూ మెట్ల మీద రుదైనాకి ఒక సంగతి తట్టింది. చన్నీళ్ళు పోసుకున్నది చన్నీళ్ళ కోసం కాదు. మిరపకాయలు నమిలినంతసేపు ఆ మాట నోట్లోకి రాదు, అందుకు. నేల మీద పడుకుంటే ఒళ్ళు నెప్పులు, ఒళ్ళు నెప్పులుంటే ఇవాళ కాదులే, రేపు. ఇన్ని కష్టాల్లో దాక్కుని, ఒక్క కష్టాన్ని తప్పించుకుంటోంది. ఇది ఉస్తాద్‌కి చెప్తే బహుమతి ఇచ్చేస్తాడేమోనని భయం వేసి చెప్పలేదు.

మొగుడు నాయిఫ్ లారీ మీద అకాబా రేవుకి వెళ్తాడు, వారానికి ఒకసారి, గురువారం సాయంత్రానికి ఇంటికొస్తాడు. బుధవారం ఫోనులో అతనికి చెప్పింది. నాయిఫ్ సంతోషపడ్డాడు. మంచి పనే అన్నాడు. అమ్మకి నువ్వు చెప్తావా అని అడిగితే, లైను సరిగ్గా లేదన్నాడు. సరిగ్గానే ఉంది, వెనక రేడియోలో పాట కూడా వినబడుతోంది.

"నువ్వే చెప్పు రుదైనా," అన్నాడు చివరికి. "నేను చెబితే అమ్మ ఏడుస్తుంది. అమ్మ ఏడిస్తే నేను వద్దంటాను. నా సంగతి నీకు తెలుసుగా."

ఆ మాటలో అబద్ధం లేదు. రుదైనాకి కోపం కూడా రాలేదు.

గురువారం తెల్లారింది. కుళాయికి నీళ్ళొచ్చాయి. పేటంతా మోటార్ల గోల. రుదైనా ట్యాంకు నింపి, డ్రమ్ములు నింపి, బకెట్లు నింపి, చివరికి గిన్నెలు కూడా నింపి వంటింట్లోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఉమ్ నాయిఫ్ అప్పుడే లేచి, యాలకులు దంచి కాఫీ కాస్తోంది. ఇంట్లో ఆవిడ చేసే పని అదొక్కటే, కానీ అది ఇంకెవర్నీ చెయ్యనివ్వదు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కింద కూచుని పొద్దున పూట కాఫీ తాగడం ఆరేళ్ళుగా ఉన్న అలవాటు.

కాఫీ పొంగు చూస్తూ ఉంటే రుదైనాకి వాళ్ళ పుట్టింటి వంటిల్లు గుర్తొచ్చింది. తనకి పదిహేడేళ్ళు. లెక్కల పరీక్ష మర్నాడు. ముందు గదిలో నాయిఫ్ తరఫు పెద్దమనుషులు ఇరవై మంది పిల్లని అడగడానికి వచ్చి కూచున్నారు. కాఫీ కాచింది తనే. వాళ్ళలో పెద్దాయన కప్పు తీసుకుని, పెదవికి తాకించకుండా ముందు పెట్టుకున్నాడు. అడిగింది ఇస్తే గానీ తాగం అని అర్థం. అలా పెట్టిన కప్పు తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి అంతకంటే అవమానం లేదు. గోడ అవతల నుంచి నాన్న గొంతు వినబడింది, "తాగండి, మీరొచ్చిన పని అయింది" అని. లెక్కల పుస్తకం పొయ్యి పక్కన తెరిచే ఉంది. ఆ పరీక్షకి మరి వెళ్ళలేదు.

ఉమ్ నాయిఫ్ కప్పులో పోసి ముందు పెట్టింది. రుదైనా కప్పు అందుకుంది. పెదవి దాకా తీసుకెళ్ళి, దించి, తన ముందు చాప మీద పెట్టేసింది.

ఉమ్ నాయిఫ్ తన కాఫీ ఒక గుక్క తాగి, చేదుకి మొహం చిట్లించి, ఏమే వేడిగా ఉందా అని అడిగింది. రుదైనా లేదంది. కడుపులో బాగాలేదా? బాగానే ఉంది. మరి తాగవేం? రుదైనా కప్పు వంక చూస్తోంది. ఉమ్ నాయిఫ్ కూడా కప్పు వంక చూసింది, కోడలి మొహం వంక చూసింది, మళ్ళీ కప్పు వంక చూసింది. అప్పటికి అర్థమైంది.

"ఇది మగవాళ్ళ పద్ధతి," అంది.

"తెలుసు అత్తయ్యా."

"నా ఇంట్లో, నా కాఫీ, నా మీదే పెడతావా పిల్లా?"

"మీకు కాక ఇంకెవరికి పెట్టను?" అంది రుదైనా. గొంతు పీలగా వచ్చింది గానీ వచ్చింది. "నాకో మాట కావాలి. అది అయ్యాక తాగుతాను."

ఆ తర్వాత అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. బడి, బస్సు, సీటు కింద పడుకున్న పిల్ల, ఆదివారం పొద్దున ఆరున్నర, ఇవాళ మధ్యాహ్నం లోపు. చెబుతూ ఉంటే అత్తగారు దీవించడానికి నోరు తెరవడం చూసి, ఆగకుండా ఇంకా వేగంగా చెప్పింది.

ఉమ్ నాయిఫ్ ఈ ఇంటి కోడళ్ళెవరూ బస్సుల్లో నిలబడలేదంది. రుదైనా తల ఊపింది. పేటలో ఏమనుకుంటారంది. రుదైనా దానికీ తల ఊపింది. గురువారం నీళ్ళు ఎవరు పడతారంది. రుదైనా తల ఊపింది గానీ కప్పు ముట్టుకోలేదు. నిన్న సాయంత్రమే హాల్లో ఎనభై మంది ముందు లేచి, నాకు సుఖమంటే లెక్కలేదని చెప్పుకున్న సంగతి ఉమ్ నాయిఫ్‌కి అప్పుడే గుర్తొచ్చినట్టుంది, ఆ నీళ్ళ మాట సగంలోనే మింగేసింది.

బయట మోటార్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కాఫీ మీద ఆవిరి పోయింది. అప్పుడు ఉమ్ నాయిఫ్ ఏ పెద్దమనిషీ ఎన్నడూ చెయ్యని పని చేసింది. సగం తాగిన తన కప్పు కూడా తెచ్చి, కోడలి కప్పు పక్కనే పెట్టేసింది.

"నాకూ ఒక మాట కావాలి," అంది.

రెండు కప్పులు చాప మీద పక్కపక్కన. వంట మానకూడదంటుందేమో, నాయిఫ్‌కి కోపం వస్తుందంటుందేమో, తాలాని వదిలి వెళ్ళమంటుందేమో అని రుదైనా ఒక్క క్షణంలో అరడజను భయాలు పడింది.

ఉమ్ నాయిఫ్ చున్నీ అంచుతో ముక్కు తుడుచుకుంది.

"మీ మామగారు పోయాక రెండేళ్ళు ఈ వంటింట్లో ఒక్కదాన్నే కాఫీ తాగాను," అంది. "నువ్వొచ్చే దాకా. మళ్ళీ ఒక్కదాన్నే తాగమంటే నా వల్ల కాదే రుదైనా. ఆరున్నరకి బస్సన్నావు. ఆరింటికి కాఫీ. నేనే లేచి కాస్తాను. దానికి ఒప్పుకో."

ఎనిమిదిన్నరకి ముందు ఆవిడ లేవగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. రుదైనా ఆరు కాదు, ఐదూ ముప్పావు చేద్దాం, మెట్లు దిగడానికి టైము పడుతుందంది. ఉమ్ నాయిఫ్ ఐదూ యాభైకి దిగింది. అక్కడ కుదిరింది.

"తాగు," అంది ఉమ్ నాయిఫ్. "నువ్వొచ్చిన పని అయింది."

చల్లారిపోయి, మడ్డి పేరుకుని, పరమ చేదుగా ఉంది. రుదైనా చివరి చుక్క దాకా తాగేసింది. తర్వాత, చున్నీ కూడా తిన్నగా వేసుకోకుండా మెట్లు దిగి, పదిన్నరకల్లా నుహాద్ టీచరు ముందు నిలబడింది. టీచరు మంచినీళ్ళ గ్లాసిచ్చి, ఏమిటలా వణుకుతున్నావంది, ఆ వణుకే కదా కావాలన్నారు మీరు అంది రుదైనా.

సాయంత్రం హాల్లో ఉస్తాద్ సుహైబ్ చివరిసారి ఒక్కొక్కరినీ లేపి అడిగాడు. రుదైనా వంతు వచ్చింది. జనం మిరపకాయల కంటే పెద్దది ఏదో వింటామని ముందుకి వంగారు.

"పొద్దున చల్లారిన కాఫీ తాగాను," అంది రుదైనా.

ఉస్తాద్ కాసేపు ఆగాడు, ఇంకా ఏమైనా ఉందేమోనని. లేదు. సరే, చిన్న చిన్న అడుగులు కూడా ముఖ్యమే అని, రెండు చప్పట్లు కొట్టి కూచోమన్నాడు. మంగళవారం దాకా బాగా చేసి చివర్లో సడలిపోయావని ఓదార్చాడు కూడా. మొదటి బహుమతి ఉమ్ షాహెర్ మెడకి ఇచ్చారు. ఆవిడ ఎడమ వైపు నుంచి అందించిన సర్టిఫికెట్ చూడలేక, ఉస్తాద్‌ని కుడివైపుకి రమ్మంది. ఉమ్ నాయిఫ్ ఆ రోజు చప్పట్లు కొట్టలేదు. కోడలి మోకాలి మీద చెయ్యి వేసి, మన సంగతి వీళ్ళకెందుకులే అన్నట్టు ఒకసారి నొక్కింది. బ్యానరుని హాజీ ఉకాబ్ విప్పుకుపోయి, దస్తావేజుల డబ్బాకి చుట్టేసుకున్నాడు.

ఆదివారం ఐదూ యాభైకి ఉమ్ నాయిఫ్ నిజంగానే లేచింది. లేచిందనడం కంటే, కళ్ళు మూసుకునే వంటింట్లోకి నడిచి వచ్చిందనాలి. యాలకులు దంచబోయి వేలు దంచుకుంది. కాఫీ పొంగిపోయింది. మూడు చెంచాల పంచదార వేసుకుని, సర్టిఫికెట్ వచ్చేసింది కదా అంది. గురువారం నీళ్ళ సంగతి తర్వాత చూద్దామంది. ఆ తర్వాత గురువారాల్లో ఆవిడే డాబా ఎక్కి ట్యాంకు నింపుకుంటూ, కింద కనబడ్డ వాళ్ళందరికీ ఇది తన శిక్షణలో రెండో భాగమని కేకేసి చెప్పేది.

రుదైనా గ్యాసు మూడుసార్లు చూసుకుంది. తాలా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. గుండె దడ తగ్గలేదు. ఈ పని మొదలుపెట్టాక అయినా తగ్గుతుందనుకుంది, అదీ లేదు, ఇంకా పెరిగింది. ఇప్పుడు ఒక్క పిల్ల కాదు, కాగితం మీద తాలాతో కలిపి ఇరవై రెండు పేర్లు.

అందరూ ఎక్కాక తలుపు దగ్గర నిలబడి వేలితో లెక్కపెట్టింది. ఇరవై మూడు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై మూడే. ఎవరి పిల్లో పొరపాటున ఎక్కేసిందని ఒళ్ళంతా చెమట పట్టింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. అందరూ వాళ్ళే. డ్రైవరు హారను కొట్టాడు. ముందు సీట్లో కూచున్న తాలా తల్లి వేలు ఎక్కడ మొదలవుతోందో చూస్తోంది.

"అమ్మా," అంది తాలా. "ముందు నీ మీదే వేలు పెట్టుకుంటున్నావు."

పిల్లలంతా నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. రుదైనా సిగ్గుపడి, సరే పోనివ్వమంది.

మర్నాటి నుంచి మాత్రం ఇరవై మూడు వస్తే గానీ బస్సుని కదలనివ్వలేదు.